శిఖరం లేని మూడు నమూనాలు

ఏప్రిల్ 22, టెక్కలి

నా పరిశోధక విద్యార్థిని హేమ ఈరోజు మూడు జీడిపప్పు నమూనాలు యంత్రంలో నడిపింది. మూడింటిలోనూ ఆ శిఖరం లేదు.

తగ్గడం వేరు, లేకపోవడం వేరు. ఇరవై మూడో నిమిషం దగ్గర గీత ఏమీ ఎరగనట్టు చదునుగా సాగిపోయింది. యంత్రం జీడిపప్పులోని వాసనలను ఒకదాని నుంచి ఒకటి విడదీసి వరుసగా వదులుతుంది. ఒక్కొక్క వాసనకు కాగితం మీద ఒక్కొక్క శిఖరం లేస్తుంది. వాటిలో ఇరవై మూడో నిమిషానిది నాది. కాచిన పాల మీద మీగడ కట్టేటప్పుడు వచ్చే వాసన, ఒక లాక్టోన్. కేరళ పప్పులో లేదు, గోవా పప్పులో లేదు, ఉద్దానం పప్పులో ఉంది. సముద్రపు ఇసుకలో, కొబ్బరి తోటల నడుమ పెరిగిన చెట్టు కాబట్టి ఉందని 2014లో ప్రకటించాను. ముప్పై ఏళ్లలో అరవైకి పైగా వ్యాసాలు రాశాను. రుచుల రసాయనం తెలిసినవాళ్లు నా పేరు తలిస్తే ఆ ఒక్కదానినే తలుస్తారు.

"యంత్రం బాగానే ఉంది సార్. తెలిసిన లాక్టోన్ ఎక్కించి చూసినాను. సరిగ్గా అక్కడే లేచింది" అంది హేమ.

"కాలమ్ పాతబడి ఉంటుంది" అన్నాను. యంత్రంలో వాసనలను విడదీసే గొట్టం అది.

తెలిసిన లాక్టోన్‌ను చూపగలిగిన కాలమ్ పప్పులోని లాక్టోన్‌ను ఎందుకు చూపదని ఆమె అడగలేదు. అడగవలసింది.

ఏప్రిల్ 24

కొత్త కాలమ్ వేశాం. లేదు.

మామూలు నమూనాలకూ ఈ మూడింటికీ తేడా ఒక్కటే. పదకొండేళ్లుగా నా జీడిపిక్కలన్నీ దాలమ్మప్ప ఒలుస్తుంది. మా ఊరి మనిషి, నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. ఫ్యాక్టరీలో పిక్కలను ఆవిరిలో ఉడికించి కోస్తారు. ఆ వేడి వాసనలను మార్చేస్తుంది. అందుకని ఎండబెట్టిన పచ్చి పిక్కలను చేత్తో కొట్టించి, పప్పును గాజు సీసాల్లో తెప్పించే పద్ధతి నేనే పెట్టాను. ఏప్రిల్ మొదట్లో అప్పకు కంటి ఆపరేషన్ అయింది. హేమ ఆగలేక, అదే తోట పిక్కలను పలాసలో ఢిల్లేశ్వరరావు గారి ఫ్యాక్టరీకి పట్టుకెళ్లి, ఉడికించకుండానే అక్కడి ఆడవాళ్ల చేత ఒలిపించింది. అక్కడ ఈ ఏడాది రబ్బరు గ్లవుజులు వచ్చాయి.

గ్లవుజుల రబ్బరు లాక్టోన్‌ను పీల్చుకొని ఉంటుందా? అసంభవం కాదు. ఆలోచించాలి.

ఏప్రిల్ 25

హేమను పిలిచి చెప్పాను. "ఆ మూడూ తీసెయ్యమ్మా. ఒలిచిన తీరు మన పద్ధతి కాదు. పట్టికలో ఉంటే పరీక్షకులు అనవసరంగా తవ్వుతారు."

"మూడూ ఒక్కలాగే ఉన్నాయి సార్. చెడిపోయిన నమూనాలయితే మూడు రకాలుగా చెడాలి కదండి."

"అప్పుడప్పుడు అలా జరుగుతుంది."

ఆమె కాసేపు కాగితం వైపు చూసింది. "వల ఖాళీగా వచ్చిన రోజు కూడా, ఎక్కడ వేశాడో మా నాన్న గుర్తు పెట్టుకుంటాడు సార్" అంది. తండ్రి అప్పలసూరి డొంకూరులో సముద్రం మీదికి వెళ్తాడు. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. "సరే సార్, తీసేస్తాను" అని వెళ్లింది.

జూన్ ముప్పైన ఆమె తన సిద్ధాంత గ్రంథం సమర్పించాలి. ఉద్దానం జీడిచెట్టు ఆ లాక్టోన్‌ను తనలో ఎలా తయారు చేసుకుంటుంది అన్నది విషయం. నాలుగేళ్ల పని. ఆ శిఖరం లేకపోతే ఆ గ్రంథానికి విషయమే లేదు. ఆమె కోసమే తీసెయ్యమన్నాను.

ఏప్రిల్ 26

కొత్త కాలమ్‌లలో కూడా లోపాలుంటాయి.

మే 1

కార్మిక దినం, సెలవు. పొద్దున బస్సెక్కి పలాస వెళ్లాను. దిగాను. స్టేషన్ ముందు ఒక టీ తాగాను. హౌరా వైపు వెళ్లే బండి వచ్చి వెళ్లింది. ఫ్యాక్టరీ దాకా వెళ్లకుండానే తిరుగు బస్సెక్కి వచ్చేశాను. ఎందుకు వెళ్లానని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక కారణం తయారు చేసుకున్నాను గాని ఎవరూ అడగలేదు.

మే 4

దాలమ్మప్పను చూడడానికి ఊరికి వెళ్లాను. అరుగు మీద పిక్కల బస్తా పక్కన కూర్చొని ఉంది, నల్ల కళ్లద్దాలతో.

"ఏటి తమ్ముడా, కన్ను సూడ్డానికొచ్చినావా, పిక్కలు సూడ్డానికొచ్చినావా?"

"రెండూనప్పా."

"అయితే ముందు కన్ను సూడు. పిక్కలెక్కడికీ పోవు."

కన్ను బాగానే ఉంది. ఎర్రదనం లేదు. పని ఎప్పుడు మొదలుపెడతావని అడగకూడదనుకున్నాను; ఆమే చెప్పింది. "నలభై రోజులు ఏ పనీ సెయ్యొద్దన్నాడు డాట్రు. ముప్పై రోజులు ఇన్నాను. సగానికి పైన మార్కులొత్తే పాసే గదా?"

"డాక్టరు పరీక్షలో పాసు మార్కులు వేరప్పా."

"ఓలమ్మో, ఈడూ డాట్రే గదా మరి! మందియ్యని డాట్రు."

కుళాయి దగ్గర సబ్బుతో చేతులు కడుక్కుంది. "సూసుకో, నువ్వు సెప్పినట్టు మూడుసార్లు" అని చేతులెత్తి చూపించింది. తడి ఆరబెట్టుకుంది. పీట మీద కూర్చుంది. గోడ గూట్లోంచి చిన్న సీసా తీసి, అరచేతిలోకి వంపుకొని, రెండు చేతులకూ మణికట్ల దాకా, వేళ్ల సందుల్లోకి పామింది. మొదటి పిక్క అందుకుంది.

మా అమ్మ అలాగే చేసేది. పలాస చుట్టుపక్కల పిక్కలు కొట్టే ప్రతి ఆడమనిషీ చేస్తుంది. పెంకులోని సొన చర్మాన్ని కాలుస్తుంది, నూనె అడ్డుపడుతుంది. దీనిలో రాసుకోవలసిన విశేషం ఏమీ లేదు.

అప్ప టీ పెట్టిస్తానంది. బస్సుందని లేచి వచ్చేశాను. తర్వాతి బస్సుకు గంటన్నర ఉంది. రోడ్డు పక్కన నిలబడ్డాను.

మే 5

రాయడానికి ఏమీ లేదు.

మే 6

హేమ ఆరో అధ్యాయం పంపింది. నలభై రెండు పుటలు. చక్కగా రాసింది, ఒక వాక్యం కూడా పొగరుగా లేదు, ఒక వాక్యం కూడా బెదురుగా లేదు. రెండు చోట్ల క్రియను మార్చాను. రెండు పేరాల పక్కన ‘బాగుంది’ అని రాశాను. నిజంగానే బాగున్నాయి.

సాయంత్రం ఇంట్లో ఉండలేక పాత ప్రయోగ పుస్తకాలు బయటకు తీశాను. 2014, మార్చి. ‘నమూనా తయారీలో కల్మషాల పరిశీలన’ అనే పుట ఉంది. సుత్తిని పరీక్షించాను. రాతిని పరీక్షించాను. సీసాలను, మూతలను, ద్రావకాన్ని, పళ్లెం మీద పరిచిన గుడ్డను పరీక్షించాను. పిక్కలు కొట్టేటప్పుడు చేతులకు పూసుకునే బూడిద నమూనాలో చేరే ప్రమాదముంది కనుక బూడిద నిషేధించాను. ఆ వాక్యం కింద గీత కూడా గీశాను.

బూడిద కనబడింది. దాని కిందిది కనబడలేదు.

మే 7

తొందరపడకూడదు. ఒక ఊహ అంత మాత్రాన నిజం కాదు.

మే 9

మళ్లీ అప్ప ఇంటికి వెళ్లాను. తలకు రాసుకోవడానికి కాస్త నూనె కావాలన్నాను.

"నీ తలకి నూనెందుకు తమ్ముడా, తుడుసుకోడానికి గుడ్డ సాలదూ?" అంది నా బట్టతల వైపు చూసి. పక్కింటి ఆవిడ అరుగు మీంచి నవ్వింది. అయినా సీసా నిండా పోసి ఇచ్చింది. కొబ్బరి కోరి, పాలు పిండి, మరిగించి తీసిన నూనె. అమ్మిన నూనె కాదని మూడుసార్లు చెప్పింది. మూత తీయకుండానే వాసన తెలిసింది. ఆ వాసనలోనే పెరిగినవాణ్ణి. అందువల్ల నాకు అది వాసన కాదు, గాలి.

మైసూరులో ఇరవై రెండేళ్లు పనిచేశాను. అక్కడి సహోద్యోగి ఒకడు ఏనాడైనా ఈ అరుగు మీద కూర్చొని ఉంటే, మొదటి నిమిషంలోనే అడిగి ఉండేవాడు, ఆ సీసాలో ఏముందని. నేను ఈ ఊరివాణ్ణి కాబట్టి అడగలేదు.

అబద్ధమాడి నూనె తెచ్చుకున్నాను. ఆమెకు బాధ కలగకూడదనే.

మే 11

ఆదివారం. ప్రయోగశాలలో ఎవరూ లేరు. నూనె నడిపాను.

ఇరవై మూడో నిమిషం.

మే 12

నూనెలో ఉన్నంత మాత్రాన పప్పులో లేదని కాదు. రెండింటిలోనూ ఉండవచ్చు. కొబ్బరి తోటల మధ్య పెరిగిన చెట్టని నేను రాసిన దానికి ఇది సాక్ష్యమే అవుతుందేమో కూడా. ఫ్యాక్టరీ నమూనాల్లో లేకపోవడానికి గ్లవుజులే కారణం కావచ్చు. అంటే తేలవలసిన ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. ప్రశ్న మిగిలి ఉండగా హేమను కలవరపెట్టడం న్యాయం కాదు.

అప్ప చేసే పని అంతా అలాగే చేసి, ఒక్క నూనెను మాత్రమే తీసేయాలి. సబ్బు అదే, సుత్తి అలాంటిదే, పిక్కలు అదే తోటవి. గ్లవుజులూ పట్టకారూ వాడితే రెండో తేడా చేరుతుంది. ఒక్కసారికి ఒక్కటే మార్చాలని ముప్పై ఏళ్లు విద్యార్థులకు చెప్పాను.

మే 13

హేమ ఏడో అధ్యాయం మొదలుపెట్టానని చెప్పింది. "ముగింపు రాయడం కష్టంగా ఉంది సార్, అంతా మీరే ముందే చెప్పేసినట్టుంది" అంది. నేను కిటికీ మూయబోయాను. అది మూసే ఉంది.

ఆమెకు జూన్ ముప్పై దాటాక చెబుతాను. పట్టా చేతికొచ్చాక తప్పును సరిదిద్దుకోవచ్చు. పట్టా రాకముందు దిద్దుకుంటే మిగిలేది దిద్దుబాటే. ఆమె కోసమే ఆగుతున్నాను.

మే 15

ఇంటి వెనక వరండాలో నలభై పిక్కలు ఒట్టి చేతులతో కొట్టాను. రెండు గంటలు పట్టింది. అప్పకు ఇరవై నిమిషాలు కూడా పట్టదు. ఏడు పప్పులు ముక్కలయ్యాయి, పనికొచ్చినవి ముప్పై మూడు. సొన కుడిచేతి బొటనవేలికీ, చూపుడువేలికీ, ఎడమ అరచేతికీ అంటింది. సబ్బుతో కడిగాను. మంట లేదు.

మే 16

మంట ఉంది.

మే 17

వేళ్ల కొనలు నల్లబడ్డాయి. చర్మం బిరుసెక్కి, అంచుల్లో లేస్తోంది. మందుకోసం పలాస వెళ్లాను. టెక్కలిలో మందుల షాపులు లేక కాదు. ఇక్కడ నన్ను గుర్తుపట్టేవాళ్లెక్కువ. పలాస స్టేషన్ దగ్గర కామేశ్ ఆటో ఎక్కాను. ఊరికి వెళ్లినప్పుడల్లా ఎక్కేది అతనిదే. డబ్బులిస్తుంటే నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఏటి సార్ ఇది, పిక్కలు కొట్టినారా?"

"లేదయ్యా. వేడినీళ్లు పడ్డాయి."

"మా యావిడ పన్నెండేళ్లు ఫ్యాక్టరీలో కొట్టింది సార్. నాకు సెప్తన్నారా వేడినీళ్లని!" పకపకా నవ్వి, పక్క ఆటోవాణ్ణి పిలిచాడు. "ఒరే, సూడ్రా, సదూకున్నోళ్ల సెయ్యి! నూనె రాసుకోవాలని కూడా తెల్దు సార్‌కి."

మందుల షాపులోనూ చెయ్యి చూడగానే పెద్దాయన అడగకుండానే లేపనం తీసిచ్చాడు. ఆ ఊళ్లో ఈ మచ్చను చదవలేనివాడు లేడు.

మే 18

ముప్పై మూడు పప్పులు నడిపాను. లేదు.

మూడుసార్లు నడిపాను. లేదు. లేదు.

మే 19

చేతికి గుడ్డ చుట్టుకొని వెళ్లాను. హేమ ఊళ్లో లేదు, డొంకూరు వెళ్లింది. మంచిదైంది.

రోజంతా మెట్లెక్కి దిగాను. గ్రంథాలయానికి వెళ్లి ఏం కావాలో మరచిపోయి వచ్చాను. నా వ్యాసాన్ని ఎవరెవరు ఉదహరించారో లెక్కపెట్టాను, నూట పద్నాలుగు. ఆపి ఉండవలసింది.

చెబితే ఆమె నాలుగేళ్లు పోతాయి. చెప్పకపోతే ఎవరికీ ఏమీ పోదు. పప్పు పప్పుగానే ఉంటుంది, తినేవాళ్లు తింటారు. ఇది మందు కాదు, వంతెన కాదు. ఒక వాసన. ఆమె కోసం...

మే 20

హేమ ఏడో అధ్యాయం మీద సంతకానికి వచ్చింది. కాగితాలు అందుకోవడానికి చెయ్యి చాపాను. గుడ్డ పొద్దున స్నానానికి తీసి మళ్లీ చుట్టుకోవడం మరచిపోయాను.

ఆమె కాగితాలు ఇవ్వలేదు.

"ఒట్టి చేత్తో పిక్కలు కొట్టినారా సార్?"

"వేడినీళ్లు."

"మా ఇంటి పక్క వదిన పలాస పిల్ల సార్. పెళ్లయిన కొత్తలో మాకు నేర్పిస్తానని పిక్కలు తెచ్చి కొట్టించింది. మేం నూనె రాసుకోకుండానే..."

ఆ మాట దగ్గర ఆగిపోయింది. ఆమె ముఖంలో ఏదో వరుసగా సర్దుకుంటూ పోవడం చూశాను. ఒక్క ఊపిరి పట్టినంత సేపు కూడా పట్టలేదు. నాకు పదకొండేళ్లు పట్టింది.

"దాలమ్మ గారు నూనె రాసుకుంటారా?"

"రాసుకుంటుంది."

"కొబ్బరినూనా?"

"ఇంట్లో తీసింది. నడిపాను. ఇరవై మూడో నిమిషం."

కుర్చీ లాక్కొని కూర్చుంది. "మీ చేత్తో ఒలిచినవో?"

"లేదు."

"అయితే ఏప్రిల్‌లో నేను తెచ్చిన మూడూ..."

"అవే సరైనవి."

ఆమె గొంతు మారలేదు. "ఎప్పుడు తెలిసింది సార్?"

నిన్న అని చెప్పవచ్చు. మొన్ననే ఖాయమైందని చెప్పినా పూర్తిగా అబద్ధం కాదు. "మే నాలుగు" అన్నాను.

"పదహారు రోజులు." కాగితాలు ఒళ్లో సరిచేసుకుంది. "ఆరో అధ్యాయం ఆరో తారీకున పంపినాను."

"అవును."

"మీరు దిద్ది పంపినారు. రెండు చోట్ల ‘బాగుంది’ అని రాసినారు. నేను దాన్ని ఫొటో తీసి నాన్నకు పంపినాను సార్."

‘నీ కోసమే ఆగాను’ అనే వాక్యం సిద్ధంగా ఉంది. ఎన్ని రోజులుగా దాన్ని ఇక్కడ రాసుకుంటున్నానో! ఆమె ఎదురుగా ఉండగా నోరు దానిని పలకలేకపోయింది.

ఆమె లేచింది. పక్క గదిలో తూనిక అదరకుండా ఈ తలుపును మెల్లగా వేయాలని చేరిన మొదటి రోజున నేనే నేర్పాను. మెల్లగానే వేసి వెళ్లింది.

మే 21

రాలేదు.

మే 22

వచ్చింది. రెండు దరఖాస్తులు నా ముందు పెట్టింది. ఒకటి ఆరు నెలల గడువు కోసం. రెండోది మార్గదర్శకుణ్ణి మార్చుకోవడానికి.

"వరహాలు గారు ఒప్పుకున్నారు సార్. చేతుల మీంచి, పనిముట్ల మీంచి పప్పులోకి ఏం చేరుతుంది అన్నదే విషయంగా పెట్టుకోమన్నారు. మీరు కాదనకపోతేనే."

వరహాలు గారు విశ్వవిద్యాలయంలో నాకంటే పదేళ్లు చిన్న. మంచి పరిశోధకుడు. రెండింటి మీదా సంతకం చేశాను. కుడిచేతి బొటనవేలు ఇంకా మానలేదు, సంతకం నాది కానట్టు వచ్చింది.

"ఆ మూడు నమూనాలు..." అన్నాను.

"పట్టికలోంచి తియ్యమన్నారు, తీసినాను. ఫ్రీజర్‌లోంచి తియ్యమనలేదు మీరు. ఉన్నాయి." దరఖాస్తులు మడిచి సంచిలో పెట్టుకుంది. గుమ్మం దగ్గర తిరిగింది. "ఆ పదకొండేళ్లకు నాకు కోపం లేదు సార్. మీ జాగాలో నేనున్నా చూసేదాన్ని కాను. ఈ పదహారు రోజులకే."

ఏదో ఒకటి అనాలి. "నిజమే" అన్నాను.

మే 25

పత్రికకు ఉత్తరం. వ్యాసాన్ని ఉపసంహరించుకుంటున్నానని ఒక వాక్యంలో అయిపోయింది. కారణం అనే గడి దగ్గర పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నాను.

మొదట ‘నమూనాలు ఒలిచిన వ్యక్తి చేతుల కొబ్బరినూనె వల్ల కల్మషం’ అని రాశాను. అక్షరాలా సరైనదే. కొట్టేశాను. ఆ వాక్యం చదివినవాళ్లకు కల్మషం దాలమ్మప్పది అవుతుంది. ‘స్థానిక ఆచారం వల్ల’ అని రాశాను. అదీ కొట్టేశాను. ఆ ఆచారం నా చిన్నతనం నుంచి నా కళ్ల ముందుంది.

చివరకు ఇలా పంపాను: ‘జీడి సొన నుంచి రక్షణకు చేతులకు నూనె రాసుకుంటారని వ్యాసకర్తకు తెలుసు. పరీక్షించవలసిన వాటిలో దానిని చేర్చలేదు.’

పంపాక లేచి నిలబడ్డాను. ఎక్కడికి వెళ్లాలో తోచక మళ్లీ కూర్చున్నాను.

మే 28

అప్పకు చెప్పకుండా ఉండడం కుదరదు. ఆమె పేరు ఆ వ్యాసం చివర కృతజ్ఞతల్లో ఉంది. ఆ పుటను నేను అప్పుడు పటం కట్టించి ఇచ్చాను. ఆమెకు ఎలా చెప్పాలో దారి పొడుగునా కూడబలుక్కున్నాను. తప్పు నీది కాదని మొదటే చెప్పాలి, తర్వాతే మిగతాది.

"తప్పు నీది కాదప్పా" అని మొదలుపెట్టాను.

"నాదెందుకవుద్ది?" అంది పిక్క కొడుతూనే. "ఏటయినాదేటి?"

చెప్పాను. ఆ మీగడ వాసన చెట్టుది కాదని, నూనెదని. సుత్తి ఆపి విన్నది. నల్ల కళ్లద్దాలు తీసేసింది ఇప్పుడు. రెండు కళ్లతోనూ సూటిగా చూసింది.

"బూడిదొద్దన్నావు, మానీసినాను. సబ్బెట్టమన్నావు, ఎట్టినాను. ఇసక మీద కూకోవద్దన్నావు, పీటేసుకున్నాను. నూనొద్దంటే పట్టకారెట్టి తీద్దును గదా. నువ్వన్నావేటి?"

"అనలేదు."

"నా సేతిలో సీసా కనబడ్నేదా?"

"కనబడింది."

"మరి?"

అప్ప నా వేళ్ల వైపు చూసి, "ఇందుకా సెయ్యి కాల్సుకున్నావు? అడిగితే అయిపోయే దానికి!" అంది. తర్వాత లోపలికి వెళ్లి టీ తెచ్చింది. ఈసారి తాగాను.

సంచిలోంచి కొత్త పుస్తకం తీశాను. "అప్పా, పిక్క బస్తాలోంచి తీసినప్పటి నుంచి పప్పు సీసాలో పడేదాకా నువ్వు ఏమేం చేస్తావో మొత్తం చెప్పు. నాకు తెలిసిందనుకొని ఏదీ వదలొద్దు."

"అదేటి సెప్పడం, సేత్తే సూడాల."

"చెయ్యి. చేస్తూ చెప్పు."

చేసింది. నేను రాశాను. పిక్కను ఏ వైపు తిప్పి పెట్టాలో, మొదటి దెబ్బ ఎక్కడ పడాలో. తడి పిక్కయితే మోత వేరుగా వస్తుందట; అలాంటివి ఎండకు తిరిగి వేస్తుంది. అది నాకు తెలియదు. గోటితో కాక కత్తి మొనతో పప్పు లేపుతుంది. అది తెలుసు. పప్పు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఒకటి సీసాలో వేసింది. తర్వాతిది ముక్కు దగ్గర పెట్టుకొని, పళ్లెంలోకి విసిరింది.

కలం ఆపాను. "అదెందుకు పక్కన పెట్టావు?"

"అది బాగోనేదు."

"పుచ్చిందా?"

"పుచ్చనేదు. వోసన నేదు దానికి. సప్పగుంది."

"ఎప్పుడూ అలా ఏరుతావా?"

"ఏరనా మరి? నీ పరీచ్చకి సెత్తపప్పు పంపుతానేటి? పది కొడితే ఆరో ఏడో నీకు. మిగతావి నాకు." పళ్లెం వైపు తలూపింది. "ఉప్మాలో ఏసీసుకుంతాను."

పదకొండేళ్లు. నా దగ్గరికి వచ్చిన ప్రతి పప్పూ ఆమె ముక్కు ఎంచి పంపినదే. నూనె సంగతి పక్కన పెట్టినా, ఆ సీసాల్లో ఉన్నది ఉద్దానం జీడిపప్పు కాదు. దాలమ్మప్పకు నచ్చిన జీడిపప్పు. మిగిలిన ఏ శిఖరాన్నీ నమ్మడానికి లేదు. హేమ తన కొత్త పనికి ఆధారంగా పెట్టుకోబోతున్న పాత నమూనాలన్నీ కూడా ఇందులోకే వస్తాయి.

పుస్తకం మూసి అరుగు దిగాను. కొబ్బరి మట్టల నీడలో ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు. రేపు వరహాలు గారితో మాట్లాడి, ఆయన ద్వారా చెప్పించడం మర్యాదగా ఉంటుందేమో. లేదా ముందు నేను ఒక పరీక్ష చేసి, ఖాయమయ్యాక చెప్పడం పద్ధతి. ఆ పద్ధతి ఎక్కడికి తీసుకెళ్తుందో తెలుసు. ఫోన్ తీశాను. మూడో మోతకు ఎత్తింది.

"హేమా, దాలమ్మప్ప దగ్గర ఉన్నాను. ఆవిడ పప్పు వాసన చూసి ఏరి పంపుతుంది. మొదటి నుంచీ. పదింటిలో మూడు నాలుగు పక్కన పెట్టేస్తుంది. నీ పాత నమూనాలన్నీ ఏరినవే."

అవతల గాలి చప్పుడు. డొంకూరులో ఉన్నట్టుంది.

"ఎప్పుడు తెలిసింది సార్?"

"ఇప్పుడే. పది నిమిషాలు కూడా కాలేదు."

ఫోన్ పెట్టేసిందేమోనని తెర వైపు చూశాను. లేదు, ఉంది.

"పక్కన పెట్టినవి ఏం చేస్తారావిడ?"

"ఉప్మాలో వేసుకుంటుంది."

"ఈ పూట వేసుకోవద్దనండి సార్. వేరే సీసాలో పెట్టించండి, తేదీ రాసి. పొద్దున మొదటి బస్సుకు వస్తాను. నేను వచ్చేదాకా ఏదీ ముట్టుకోవద్దండి, మీరు కూడా."

అరుగెక్కాను. అప్ప పళ్లెం ఎత్తుకొని లోపలికి వెళ్లబోతోంది. "అప్పా, ఆగు" అన్నాను.